సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌కి సర్వీస్‌లో డబ్బులు అడుగుతున్నారు, కట్టాలా వద్దా?

నాలుగోగేరు:
అందరికీ నమస్తే. నాది ఆటోమేటిక్ కారు, కొని నాలుగేళ్లు దాటింది, వారంటీ అయిపోయింది. మామూలు సర్వీస్‌కి ఇస్తే ఆయిలు, ఫిల్టర్లతో పాటు ఎస్టిమేట్‌లో "సాఫ్ట్‌వేర్ అప్‌డేట్" అని ఒక లైను, దానికి గంటన్నర లేబర్. ఏం అప్‌డేట్ అండీ అంటే "కొత్త వెర్షన్ వచ్చింది సార్, చేయించుకుంటే మంచిది" అన్నాడు అడ్వైజరు. దేనికి మంచిది అంటే "ఓవరాల్‌గా సార్" అన్నాడు. ఓవరాల్‌గా అంటే ఏంటో అతనికీ తెలీదు నాకూ తెలీదు. బండి బానే నడుస్తోంది, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు గేరు రెండు నుంచి మూడుకి పడేటప్పుడు కాస్త కుదుపు, అంతే. ఫోన్ అప్‌డేట్‌కి ఎవడూ డబ్బులడగడు కదా, కారుకెందుకు? ప్రస్తుతానికి వద్దని చెప్పి వచ్చేశా. మీరైతే ఏం చేస్తారు?

వైపర్‌బ్లేడ్:
కట్టొద్దు బ్రో. కేబుల్ గుచ్చి ఒక బటన్ నొక్కి ఫోన్ చూసుకుంటూ కూర్చుంటారు, దానికి గంటన్నర లేబరా. నడిచే బండిని కెలకడం ఎందుకు.

స్కానర్‌స్వామి:
వైపర్‌బ్లేడ్ తమ్ముడూ, ఆ బటన్ నొక్కే పని నేను పదకొండేళ్లుగా చేస్తున్నా, కంపెనీ సర్వీస్ సెంటర్లో కాదు, బయట షెడ్డులో. ఆ గంటన్నరలో ఏం జరుగుతుందో చెప్తా, తర్వాత తిట్టు. ఫ్లాష్ కొట్టేటప్పుడు, అంటే కొత్త ప్రోగ్రాం ఎక్కించేటప్పుడు, ఇంజిన్ ఆఫ్, ఇగ్నిషన్ ఆన్. అంటే కారులో ఉన్న కంప్యూటర్లన్నీ మేల్కొని బ్యాటరీ తాగుతుంటాయి, కొన్ని బండ్లలో ఫ్యాన్ కూడా తిరుగుతూనే ఉంటుంది. వోల్టేజ్ మధ్యలో పడిపోతే పని అయిపోయినట్టే, ఎందుకంటే చాలా మాడ్యూల్స్‌లో, అంటే ఆ కంప్యూటర్ డబ్బాల్లో, ముందు పాత ప్రోగ్రాం చెరిపి ఆ తర్వాతే కొత్తది రాస్తారు, పాతదీ లేదు కొత్తదీ సగమే అన్న స్థితిలో కరెంటు పోతే ఆ డబ్బా చచ్చినట్టే. ఒక్కోసారి బతికించొచ్చు, ఒక్కోసారి కొత్తది కొని పెట్టాలి, ఆ ఖర్చు షెడ్డు వాడి నెత్తి మీదే. అందుకే స్థిరంగా వోల్టేజ్ ఇచ్చే పవర్ సప్లై తగిలిస్తాం, మామూలు బ్యాటరీ చార్జర్ పెడితే దాని కరెంటు నీట్‌గా ఉండదు, అదే కొంప ముంచుతుంది.

ఫోన్‌తో పోల్చారు కాబట్టి ఇదీ చెప్పాలి. ఈ రోజుల్లో చాలా ఫోన్లలో సిస్టమ్‌కి రెండు గదులుంటాయి, పాతది ఒక గదిలో నడుస్తుండగానే కొత్తది రెండో గదిలో రాసుకుంటుంది, ఏదైనా తేడా కొడితే పాతదాంట్లోకి వెళ్లిపోతుంది. కొత్త కార్లలో కొన్నిటికి అలా ఉంది. పాత మాడ్యూల్స్‌కి ఒకటే గది. ఇంకోటి, కారు లోపల ఈ కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే క్యాన్ లైను మామూలుగా సెకనుకి 500 కిలోబిట్లే, బాష్ వాళ్లు 1986లో బయటపెట్టిన పద్ధతి అది, సినిమాలు డౌన్‌లోడ్ చేయడానికి పెట్టింది కాదు. అందుకే ఒక మాడ్యూల్ పది నిమిషాల్లో అయిపోతే ఇంకోటి గంట తింటుంది.

పైగా సాఫ్ట్‌వేర్ మాకు ఊరికే రాదు. కంపెనీ సైట్‌లో రోజుకింత, నెలకింత అని సబ్‌స్క్రిప్షన్ కట్టి తీసుకోవాలి. కట్టాక నా టూలు, నా ల్యాప్‌టాప్, నా రిస్కు.

వైపర్‌బ్లేడ్:
అన్నా నీ కష్టం నిజమే, కాదనను. కానీ నీ కష్టానికి నేనెందుకు కట్టాలి అన్నదే నా ప్రశ్న. తప్పు ప్రోగ్రాం రాసింది ఎవరు? కంపెనీ. దాన్ని దిద్దాల్సింది ఎవరు? కంపెనీ. మధ్యలో నా జేబుకి చిల్లు ఎందుకు? డోరు వంకరగా బిగించి అమ్మి, ఇప్పుడు సరిచేస్తాం లేబర్ కట్టు అంటే ఒప్పుకుంటావా?

గుంతలరోడ్డు:
వైపర్‌బ్లేడ్ పాయింటు కరెక్టే కానీ సగమే కరెక్టు. భద్రతకి సంబంధించిన లోపమైతే రీకాల్ అవుతుంది, అది ఫ్రీగానే చేస్తారు. టొయోటా 2014లో 19 లక్షల ప్రియస్‌లు వెనక్కి పిలిచింది, మోటార్‌ని నడిపే కంట్రోల్ సాఫ్ట్‌వేర్ వల్ల లోపలి ట్రాన్సిస్టర్లు వేడెక్కి పాడయ్యే ప్రమాదం ఉందని, ప్రోగ్రాం మార్చి పంపారు, ఓనర్లు పైసా కట్టలేదు. మరుసటి ఏడాది జీప్‌ని దూరంగా కూర్చొని ఇంటర్నెట్ మీదే హ్యాక్ చేసి చూపించారు ఇద్దరు రీసెర్చర్లు, నడిరోడ్డు మీద ఇంజిన్ పవర్ తీసేశారు, దెబ్బకి ఫియట్ క్రైస్లర్ 14 లక్షల బండ్లకి రీకాల్ ఇచ్చి యూఎస్‌బీలు పోస్టులో పంపింది. అమెరికాలో అయితే రీకాల్ పని కొన్న 15 ఏళ్ల దాకా ఉచితంగా చేయాలని చట్టమే ఉంది.

రీకాల్ కానివి ఉంటాయి చూడు, అక్కడే పేచీ అంతా. సర్వీస్ బులెటిన్ అంటారు, కంపెనీ డీలర్లకి పంపే కాగితం, "ఫలానా కంప్లైంట్ వస్తే ఫలానా సాఫ్ట్‌వేర్ వేయండి" అని. వారంటీలో ఉంటే కంపెనీ కడుతుంది. వారంటీ దాటితే కస్టమర్ కట్టాలి. బగ్గు మాత్రం మొదటి రోజు నుంచీ ఉన్నదే! నాలుగేళ్లు నోరు మూసుకుని వారంటీ అయిపోయాక "కొత్త వెర్షన్ వచ్చింది సార్" అంటే మండదా మరి.

స్కానర్‌స్వామి:
అది నేనూ ఒప్పుకుంటా గుంతలరోడ్డు గారూ. ఆ కోపం కంపెనీ మీద చూపించండి, షెడ్డు మీద కాదు అంటున్నా.

దీపంవెలిగింది:
నా అనుభవం చెప్తా, కొంచెం పెద్దది, ఓపిక పట్టండి. పోయినేడాది సర్వీస్‌లో ఇలాగే అడిగితే సరే అన్నా, ఎందుకు సరే అన్నానో ఇప్పటికీ తెలీదు, ఆ అడ్వైజరు ముఖం చూసి జాలేసిందో ఏమో. ముందు స్క్రీను తాలూకు అప్‌డేట్ వేశారు. ఇంటికొచ్చి రివర్స్ వేస్తే కెమెరా బొమ్మ రావడానికి మూడు సెకన్లు, అంతకుముందు వెంటనే వచ్చేది. మూడు సెకన్లలో గోడ వచ్చేస్తుంది కదా. మళ్లీ తీసుకెళ్తే పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్లడం కుదరదు మేడమ్, తర్వాతి అప్‌డేట్‌లో సరిచేస్తారు అన్నారు. ఆ తర్వాతిది ఐదు నెలలకి వచ్చింది. దానికీ లేబర్ వేయబోయారు! మీరు చెడగొట్టింది మీరే బాగుచేయడానికి నేను కట్టాలా అని కౌంటర్ దగ్గర గట్టిగా మాట్లాడేసరికి లైను కొట్టేశారు. అంటే అరిస్తే ఫ్రీ, అరవకపోతే బిల్లు. ఏం పద్ధతో ఏంటో.

కాబట్టి నా సలహా, ఏ కంప్లైంటూ లేని మాడ్యూల్‌ని ముట్టుకోనివ్వొద్దు.

నెమ్మదిగాపో:
మేడమ్ మీకు జరిగింది అన్యాయమే, కానీ నాది రివర్సు కథ. ట్రాఫిక్‌లో ఒకటి రెండు గేర్ల మధ్య బండి వణికేది, డ్యుయల్ క్లచ్, అంటే రెండు క్లచ్‌లుండే ఆటోమేటిక్. ఒక చోట క్లచ్ సెట్టు మొత్తం మార్చాలన్నారు, ఆ అంకె విని రెండు రాత్రులు నిద్ర లేదు. ఇంకో చోట ముసలాయన ఒకాయన స్కానర్ పెట్టి చూసి, క్లచ్ అరుగుదల ఇంకా చాలా మిగిలి ఉంది, గేర్‌బాక్స్ ప్రోగ్రాం పాతది, ముందు అది వేసి అడాప్టేషన్ చేద్దాం, తగ్గకపోతే అప్పుడు చూద్దాం అన్నాడు. అడాప్టేషన్ అంటే క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో కంప్యూటర్‌కి మళ్లీ నేర్పించడం. రెండు గంటల లేబర్ తీసుకున్నాడు. వణుకు పోయింది. ఏడాదిన్నర అయింది, అదే క్లచ్. ఆయన ఇంకో రెండింతలు అడిగినా ఇచ్చేవాణ్ణి.

వైపర్‌బ్లేడ్:
నువ్వు కట్టింది అప్‌డేట్‌కి కాదు బ్రో, ఆయన బుర్రకి. దానికి నేనూ కడతా. రోగం ఏంటో చూడకుండా మందు రాసే వాళ్ల గురించే నా గొడవ.

గుంతలరోడ్డు:
సాఫ్ట్‌వేర్‌తో బండి బాగుపడటం అబద్ధమేం కాదులెండి. 2018లో టెస్లా మోడల్ 3కి బ్రేకులు సరిగ్గా లేవని వస్తువుల్ని పరీక్షించి రాసే అమెరికా సంస్థ కన్స్యూమర్ రిపోర్ట్స్ వాళ్లు రాశారు, గంటకి 60 మైళ్ల స్పీడు నుంచి ఆగడానికి 152 అడుగులు పట్టిందని. కంపెనీ కొన్ని రోజుల్లో గాల్లోంచే, అంటే ఇంటర్నెట్ మీదే, అప్‌డేట్ పంపితే అదే కారు 133 అడుగుల్లో ఆగింది. ఒక్క నట్టు ముట్టుకోకుండా. ఫ్రీగా. ఇప్పుడు మిగతా కంపెనీల కస్టమర్ "మరి నాకు లేబర్ ఎందుకు" అంటే తప్పేముంది?

పాతకార్బ్యురేటర్:
బాబూ గుంతలరోడ్డూ, ఇంకో వైపు కూడా చెప్పు. 2015లో ఫోక్స్‌వ్యాగన్ డీజిల్ బాగోతం బయటపడింది, పొగ పరీక్షల్లో మోసం చేసే ప్రోగ్రాం పెట్టారని, కోటీ పది లక్షల బండ్ల సంగతి అది, యూరప్‌లో చాలావాటికి మందు సాఫ్ట్‌వేర్ అప్‌డేటే. ఫ్రీయే. కానీ వేయించుకున్నాక ఈజీఆర్ వాల్వులు, అంటే పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపేవి, పోయాయని బోలెడంత మంది ఓనర్లు మొత్తుకున్నారు. ఫ్రీ అయినంత మాత్రాన మంచిదని కాదు, డబ్బు తీసుకున్నంత మాత్రాన మోసమనీ కాదు. నేను మాత్రం స్క్రూడ్రైవర్‌తో కార్బ్యురేటర్‌లో పెట్రోలు, గాలి మిక్చర్ సెట్ చేసుకున్న రోజులే బాగున్నాయంటా, మీరు నవ్వినా సరే.

స్కానర్‌స్వామి:
పెద్దాయనా మీ పేరులోనే ఉంది మీ బాధ అంతా :)

సరే, నాలుగోగేరు అడిగినదానికి వద్దాం. ఆ అడ్వైజర్ని మూడే అడగండి. ఏ మాడ్యూల్‌కి? ఇప్పుడున్న నంబరెంత, వేసే నంబరెంత? ఏ కంప్లైంట్‌కి వచ్చిన బులెటిన్? వీటికి జవాబు రాకపోతే ఆ లైను కొట్టేయమనండి, నేనే చెప్తున్నా, షెడ్డు వాణ్ణే. జవాబు తెలీకుండా ఫ్లాష్ కొట్టేవాడు నిజంగా కొట్టాడో లేదో కూడా నమ్మలేం. బిల్లులో లైను పడి బండిలో ఏమీ మారని కేసులు నేను చూశా.

ఇంజిన్ వరకు అయితే మీరే తనిఖీ చేసుకోవచ్చు. బండి సాకెట్‌లో గుచ్చితే లోపలి వివరాలు ఫోన్‌లో చూపించే చిన్న బ్లూటూత్ ఓబీడీ స్కానర్ ఉంటే దాంట్లో మోడ్ 9 అని ఉంటుంది, కొన్ని యాప్స్‌లో వెహికల్ ఇన్ఫర్మేషన్ అంటారు. అందులో కాలిబ్రేషన్ ఐడీ, అంటే సాఫ్ట్‌వేర్ వెర్షన్ గుర్తు, పక్కన సీవీఎన్ అని ఆ ప్రోగ్రాంని సరిచూసే ఇంకో నంబరు. సర్వీస్‌కి ఇచ్చే ముందు ఫొటో తీసి పెట్టుకోండి, వచ్చాక చూడండి. ఐడీ మారకపోతే ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మారలేదు, ఆ బిల్లు పట్టుకుని వెనక్కి వెళ్లండి. ఆటోమేటిక్ బండ్లలో చాలావాటికి గేర్‌బాక్స్ కంప్యూటర్ ఐడీ కూడా అక్కడే కనిపిస్తుంది.

చిప్ ట్యూనింగ్, అంటే పవర్ కోసం ఇంజిన్ ప్రోగ్రాం బయట మార్పించుకోవడం, చేయించిన వాళ్లకి ఒక మాట, కంపెనీ అప్‌డేట్ ఇంజిన్‌కి వేస్తే మీ ట్యూన్ ఎగిరిపోతుంది. ముందే చెప్పండి. తర్వాత వచ్చి నా మీద పడొద్దు.

దీపంవెలిగింది:
ఇది నాకు ముందే ఎవరైనా చెప్పుంటే ఎంత బావుండేది అన్నా. మ్యాప్ అప్‌డేట్‌కి కూడా అడుగుతున్నారు, దాని సంగతేంటి?

స్కానర్‌స్వామి:
ఫోన్ ఉంది కదమ్మా.

గుంతలరోడ్డు:
హహ. యూరప్‌లో 2024 జూలై నుంచి అమ్మే కొత్త కార్లన్నిటికీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ల మీద ఒక ఐరాస రూల్ ఉంది, 156 నంబరు. గాల్లోంచి వచ్చే అప్‌డేట్ అయితే అది ఎందుకు, ఏం మారుస్తుంది, ఎంతసేపు పడుతుంది అన్నది వేసేముందే ఓనర్‌కి చెప్పాలి. స్వామి గారు అడగమన్నవీ దాదాపు అవే. యంత్రం చెప్తున్న మాట మనిషి చెప్పడానికి ఏం రోగం?

వైపర్‌బ్లేడ్:
మనిషికి టార్గెట్లు ఉంటాయి, యంత్రానికి ఉండవు.

నాలుగోగేరు:
థాంక్స్ అందరికీ. మొన్న వెళ్లొచ్చా. స్వామి గారు చెప్పిన మూడూ అడిగితే అడ్వైజరు లోపలికి వెళ్లి పావుగంట రాలేదు, తర్వాత ఒక టెక్నీషియన్ని వెంటబెట్టుకొచ్చాడు. ఆ అబ్బాయి మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాడు. ఎస్టిమేట్‌లో ఒకే లైను కింద రెండు అప్‌డేట్లు కలిపేశారట, ఒకటి స్క్రీనుది, ఇంకోటి గేర్‌బాక్స్‌ది. స్క్రీనుది కంపెనీ సైట్ నుంచి యూఎస్‌బీలో వేసుకుని ఎవరైనా ఇంట్లోనే చేసుకోవచ్చట! దానికి గంట లేబర్ వేశారు!! గేర్‌బాక్స్‌ది మాత్రం బులెటిన్ తెరిచి చూపించాడు, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు రెండు మూడు గేర్ల మధ్య కుదుపు అని స్పష్టంగా ఉంది, అచ్చం నాదే. స్క్రీను కొట్టేయించి గేర్‌బాక్స్‌ది చేయించా, అరగంట లేబర్ కట్టా. ఐడీ ముందూ వెనకా ఫొటో తీశా, మారింది.

మొదటి రోజు ఇంకా ఎక్కువ కుదిపింది, భయమేసింది, ఆ అబ్బాయికి ఫోన్ చేస్తే నేర్చుకుంటోంది సార్ కాస్త నడపండి అన్నాడు. మూడో రోజుకి బాగా తగ్గింది, పూర్తిగా పోయిందని చెప్పను.

వైపర్‌బ్లేడ్:
గేర్‌బాక్స్ ఆయిలు మార్చినా తగ్గేదేమో బ్రో, నాలుగేళ్లు అయిందన్నావ్ కదా.

నాలుగోగేరు:
అదీ అదే రోజు మార్చారు.

వైపర్‌బ్లేడ్:
ఇంకేం, స్వామి అన్నా ఇప్పుడు చెప్పు, తగ్గింది ఆయిలు వల్లా ప్రోగ్రాం వల్లా?

స్కానర్‌స్వామి:
రెండూ ఒకే రోజు చేయొద్దని ముందే చెప్పాల్సింది. నాదే తప్పు.