ఫ్రెండ్స్‌తో మొదటిసారి జపనీస్ రెస్టారెంట్‌కి, ఏం ఆర్డర్ చెప్పుకోవాలి?

ప్రశ్న:
ఈ శనివారం మేం ఐదుగురం వెళ్తున్నాం. నాకు చాప్‌స్టిక్స్ పట్టుకోవడం కూడా సరిగ్గా రాదు. మాలో ఒకమ్మాయి చేప, మాంసం అస్సలు ముట్టదు, తనొక్కతే ఖాళీ ప్లేటు ముందు కూర్చోవాల్సి వస్తుందేమో అని టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
చాప్‌స్టిక్స్ గురించి దిగులు వద్దు, సుషీ, అంటే వెనిగర్ కలిపిన అన్నంతో చేసే వంటకం, చేత్తో తినడం జపాన్‌లోనూ మామూలే. సుషీలో ఒక రకం నిగిరి, అంటే అన్నం ముద్ద మీద చేప ముక్క పెట్టి ఇచ్చేది, దాన్ని పక్కకి తిప్పి చేప వైపు మాత్రమే సోయా సాస్‌లో అద్దండి, అన్నం వైపు ముంచితే సాస్ పీల్చేసుకుని ముద్ద విడిపోతుంది, మెతుకులన్నీ గిన్నెలోనే తేలతాయి. పక్కన పెట్టే అల్లం ముక్కలు సుషీ మీద వేసుకోవడానికి కాదు, రకానికీ రకానికీ మధ్య తినడానికి.

జవాబు 2:
మీ ఫ్రెండ్ విషయంలో మాత్రం జాగ్రత్త. మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) సూప్‌లో పైకి టోఫూ, సముద్రపు నాచు మాత్రమే కనిపిస్తాయి, కానీ దానికి ఆధారమైన దాషి అనే రసం సాధారణంగా ఎండబెట్టి పొగపట్టించిన చేప తురుముతో చేస్తారు. టెంపురాతో (పిండిలో ముంచి వేయించిన కూరగాయలు, రొయ్యల్లాంటివి) ఇచ్చే సాస్‌లోనూ మామూలుగా అదే ఉంటుంది. ముందే ఫోన్ చేసి, ఒక్క కొంబు నాచుతోనే చేసిన దాషి ఉందా అని అడగండి. దోసకాయ రోల్స్, ఎడమామె (ఉడికించిన పచ్చి సోయా కాయలు) తను హాయిగా తినొచ్చు, ఎడమామెలో గింజలే తినాలి, పైతొక్క కాదు.

జవాబు 3:
చాప్‌స్టిక్స్ అన్నంలో నిలువుగా గుచ్చి వదిలేయకండి, జపాన్‌లో చనిపోయినవాళ్లకి అన్నం అలా పెడతారు.

ప్రశ్న అడిగినవారు:
దాషి సంగతి అస్సలు తెలీదు, చాలా థాంక్స్! ఇవాళే ఫోన్ చేస్తాను.