డయాలసిస్ మొదలయ్యాక ప్రార్థన రావట్లేదు: ఏం చదవాలి, ఉపవాసం ఉండొచ్చా?

గడప_దీపం అడిగిన ప్రశ్న:

అందరికీ వందనాలండి. మావారికి వారానికి మూడుసార్లు డయాలసిస్ జరుగుతోంది. ఇద్దరం విశ్వాసులమే, కానీ ఇప్పుడు మోకరిస్తే నోట మాట రావట్లేదు. సంఘంలో అందరూ ప్రేమగానే చెబుతున్నారు గానీ తలా ఒక మాట. విశ్వాసం చాలలేదని ఒకరు, ఒప్పుకోని పాపం ఏదో ఉందని ఒకరు, 21 రోజులు ఉపవాసం ఉంటే విడుదల వస్తుందని ఒకరు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో మా ఇంటికి కార్డు మీద వచ్చిన వాగ్దానం యిర్మీయా 29:11, దేవుడి ఉద్దేశాలు సమాధానకరమైనవే గాని హానికరమైనవి కావన్న వచనం. అది చూస్తే ధైర్యం రాకపోగా భయమేస్తోంది, నెరవేరకపోతే లోపం మాదే అంటారేమోనని.

మాటలు రానప్పుడు ఎలా ప్రార్థించాలి? ఏ భాగాలు ఏ వరుసలో చదవాలి? ఆయన ఉపవాసం ఉండొచ్చా? ఆ వాగ్దానాన్ని ఎలా అర్థం చేసుకోవాలి?

పాత_కీర్తనల_పుస్తకం:

వందనాలు సిస్టర్. మాట రానప్పుడు సొంత మాట కోసం వెతకొద్దు, కీర్తనల్లోంచి అరువు తెచ్చుకోండి. 150 కీర్తనల్లో మిగతా ఏ రకం కన్నా మొరపెట్టుకునేవే ఎక్కువ. మన కూడికల్లో అవి తక్కువ వినిపిస్తాయంతే.

13వ కీర్తనతో మొదలుపెట్టండి. ఆరే వచనాలు. మొదటి రెండూ ఫిర్యాదు: ఎన్నాళ్లు, ఎంతవరకు అని దేవుణ్ణే నిలదీస్తాడు. 3, 4 వచనాల్లో అడుగుతాడు. 5, 6లో నమ్మకం చెబుతాడు. మీరూ అదే వరుసలో వెళ్లండి. మొదటి రెండు వచనాలు పైకి వినపడేలా చదివి ఆగండి. మీ ఫిర్యాదు ఒక్క వాక్యంలో చెప్పండి, అదీ ఉన్నదున్నట్టు: "ప్రభువా, నీళ్లు తగ్గించి తాగినా రెండు రోజుల్లో ఒంట్లో నీరు చేరి ఆయన మూడు కిలోలు పెరిగారు, నాకు భయంగా ఉంది." తర్వాత 3, 4 చదివి ఈ రోజుకి కావలసింది ఒక్కటి అడగండి. మధ్యలో బీపీ పడిపోకూడదు, సూది మొదటిసారే సరిగ్గా పడాలి, ఇలాంటివి. పూర్తి స్వస్థత అడగొద్దని కాదు, తప్పకుండా అడగండి. కానీ రోజూ అదొక్కటే అడిగితే రోజూ జవాబు రానట్టే అనిపించి, నెల తిరిగేసరికి అడగడమే మానేస్తాం. ప్రభువు నేర్పిన ప్రార్థనలో కూడా అనుదినాహారమే ఉంది, ఏడాదికి సరిపడా ధాన్యం లేదు. చివరికి 5, 6 చదవండి. మనసు ఒప్పుకోకపోయినా చదవండి. మొత్తం పది నిమిషాలు కూడా పట్టదు.

ఇక్కడ ఎక్కువమంది తప్పేది ఒకచోటే: ఫిర్యాదు దాటేసి నేరుగా 5వ వచనానికి వెళ్లిపోతారు. సణిగితే పాపం అనే భయం. అరణ్యంలో ఇశ్రాయేలీయుల సణుగుడు వేరు, ఇది వేరు. వాళ్లు దేవుడి గురించి ఒకళ్లతో ఒకళ్లు గొణుక్కున్నారు, కీర్తనకారుడు దేవుడితోనే చెబుతున్నాడు. లోపల ఉన్నది చెప్పకుండా పైకి స్తోత్రం మాత్రమే చెబుతూ పోతే, మీకు వచ్చినట్టే, కొన్నాళ్లకు గొంతు మూగబోతుంది.

వారంపాటు అదొక్కటే చదవండి. తర్వాత 42, 43 కలిపి చదవండి, అవి రెండూ ఒకే పాటలా నడుస్తాయి, "నా ప్రాణమా, నీవేల క్రుంగియున్నావు" అన్న పల్లవి మూడుసార్లు వస్తుంది (42:5, 42:11, 43:5). ఆ తర్వాత 77. అందులో మొదటి పది వచనాలు చీకటి, 11 నుంచి దేవుడు వెనకటికి చేసినవి జ్ఞాపకం చేసుకోవడం. నిద్ర పట్టని రాత్రులకు 130, ఎనిమిదే వచనాలు, తెల్లవారడం కోసం చూసే కావలివాళ్ల మాట అందులోనే ఉంది. 88వ కీర్తన చివరిదాకా చీకటే, ముగింపులో కూడా వెలుతురు ఉండదు. అలాంటిది కూడా బైబిల్లో ఉందని తెలుసుకోవడమే కొందరికి పెద్ద ఊరట.

అవే మాటలు మళ్లీ మళ్లీ అంటున్నామని బాధపడకండి. గెత్సేమనేలో ప్రభువు మూడోసారి కూడా ఆ మాటలే చెప్పి ప్రార్థించాడు (మత్తయి 26:44).

బెరయ_పాఠకుడు:

పై అన్నగారు చెప్పింది బాగుంది. ఒక్క సవరణ: 88 పగలు చదవండి, రాత్రి ఒంటరిగా వద్దు. కుంగిపోయిన మనిషికి దాన్ని పక్కన ఎవరూ లేకుండా ఇవ్వకూడదు.

ఇక వాగ్దానం సంగతి. యిర్మీయా 29 ఒక ఉత్తరం. బబులోనుకు చెరపట్టుకుపోయిన వాళ్లకి యెరూషలేము నుంచి వెళ్లింది. 11వ వచనాన్ని కార్డు మీద వేస్తారు, 10వ వచనం వేయరు. అందులో డెబ్బై సంవత్సరాలని ఉంది. అంటే ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది తిరుగు ప్రయాణం చూడకుండానే పోతారు. మరి వాళ్లకు ఏం చెప్పాడు? 5 నుంచి 7 వచనాలు చూడండి. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి. చెర ఎప్పుడు తీరుతుందా అని సామాను సర్దుకుని కూర్చోమనలేదు. మీ ఇంటికి దీన్ని అన్వయిస్తే, డయాలసిస్ ఉన్న వారంలోనే పిల్లల చదువులు, పండగలు, ఇంటి పనులు సాగనివ్వమని. తేదీ వేసి ఇచ్చిన చెక్కులా దాన్ని పట్టుకోవద్దు.

దాని ముందు అధ్యాయం, 28 కూడా చదవండి. హనన్యా అనే ప్రవక్త నిలబడి రెండేళ్లలోపే అంతా తిరిగొస్తుందని దేవుడి పేరు మీద చెప్పాడు. జనానికి ఆ మాటే నచ్చి ఉంటుంది. అది అబద్ధమని యిర్మీయా తేల్చాడు. అందుకే "ఈ నెలలోనే విడుదల" అని తేదీతో చెప్పేవాళ్లు ఎవరొచ్చినా, ఆ మాట మీద మందులూ డబ్బూ ఆపే నిర్ణయం తీసుకోకండి. విత్తన కానుక (దీవెన పంటలా తిరిగొస్తుందని ముందుగా ఇచ్చే డబ్బు) వేస్తే స్వస్థత అన్నచోట ఇంకా జాగ్రత్త. కష్టంలో ఉన్నప్పుడు మొక్కుబడులు కూడా చేసుకోకండి. తీర్చలేని మొక్కు కన్నా మొక్కుకోకపోవడమే మేలని ప్రసంగి 5:5 సూటిగా చెబుతుంది.

"విశ్వాసం చాలలేదు" అన్నవాళ్లతో వాదించక్కర్లేదు, మీ మనసుకి మాత్రం జవాబు ఉండాలి. మార్కు 9లో బిడ్డ తండ్రి నమ్ముతున్నాననీ, తన అపనమ్మకానికి సహాయం చేయమనీ ఒకే ఊపిరిలో అన్నాడు. ఆ సగం విశ్వాసంతో వచ్చినవాడి బిడ్డ బాగుపడ్డాడు. పౌలు తన ముల్లు, అంటే తనని వేధిస్తున్న ఒక బాధ, తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు, అది పోలేదు, కృప చాలునన్న జవాబు వచ్చింది (2 కొరింథీ 12). పౌలుకి విశ్వాసం తక్కువని ఎవరంటారు? "ఏదో పాపం" అన్నవాళ్లకు యోహాను 9:3 ఉంది, పుట్టుగుడ్డివాడి స్థితికి అతని పాపమూ తల్లిదండ్రుల పాపమూ కారణం కాదని యేసు అక్కడ చెప్పాడు. అదే మాట యోబుతో అన్న ముగ్గురు స్నేహితుల గురించి, వాళ్లు తన విషయంలో యుక్తమైనది పలకలేదని దేవుడే చెప్పాడు (యోబు 42:7).

మిషన్_పక్కన_నర్సు:

ఉపవాసం గురించి చెప్తానమ్మా. మీవారు ఉండకూడదు. వాళ్ల డాక్టర్ ఒప్పుకుంటే తప్ప ఒక్క పూట కూడా వద్దు. డయాలసిస్‌లో కొంత ప్రోటీన్ పోతుంది, తినకపోతే కండ కరుగుతుంది, అలా కరిగినా రక్తంలో పొటాషియం పెరుగుతుంది. షుగర్ కూడా ఉంటే ఇంకా ప్రమాదం. కిడ్నీలు పనిచేయనివాళ్లలో ఇన్సులిన్ ఎక్కువసేపు ఒంట్లో ఉండిపోతుంది కాబట్టి తినకపోతే షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది. ఉపవాసం విడిచేటప్పుడు మనవాళ్లు ఇచ్చేవి చూడండి: కొబ్బరినీళ్లు, బత్తాయి రసం, అరటిపండు. మూడూ పొటాషియమే. అది పెరిగితే గుండె లయ తప్పుతుంది, ముందు హెచ్చరిక కూడా ఉండకపోవచ్చు.

21 రోజులన్న లెక్క దానియేలు 10 నుంచి వచ్చింది. అక్కడ దానియేలు మూడు వారాలు రుచిగల భోజనం, మాంసం, ద్రాక్షారసం మానేశాడు, అన్నం పూర్తిగా మానలేదు. ఆయన కోసం మీరు ఉపవాసం ఉండాలనుకుంటే ఒక పూట, నీళ్లు తాగుతూ, డయాలసిస్ లేని రోజున ఉండండి. ఆస్పత్రికి తీసుకెళ్లే రోజున తోడున్న మనిషే కళ్లు తిరిగి పడితే ఇద్దరికీ కష్టం. ఆయన మానాలనుకుంటే టీవీ మానొచ్చు, ఫోను మానొచ్చు.

స్వస్థత సభలో "తగ్గింది" అని చెప్పినా తర్వాతి సెషన్ మానకండి. మూడు రోజుల సభలకని ఒకటి ఎగ్గొట్టినా నీరు ఊపిరితిత్తుల్లో చేరుతుంది. బాగుపడిన కుష్ఠరోగిని యేసు యాజకుడికి చూపించుకోమన్నాడు (లూకా 5:14). మీరూ డాక్టర్‌కి చూపించుకోండి, రిపోర్టు చూసి ఆయన ఆపమంటేనే ఆపండి.

సంఘపు పెద్దల్ని పిలిచి నూనె రాయించుకోవడం యాకోబు 5:14 ప్రకారం మంచిదే. ప్రత్యేకమైన సీసా కొనమని యాకోబు ఎక్కడా అనలేదు. నుదుటి మీద ఒక్క చుక్క చాలు. మెడలో డయాలసిస్ గొట్టం ఉంటే ఆ కట్టు దగ్గరికి నూనె పోనివ్వకండి, ఇన్ఫెక్షన్ నేరుగా రక్తంలోకి వెళ్తుంది. చేతిలో ఫిస్టులా (డయాలసిస్ సూదుల కోసం రక్తనాళాలు కలిపిన చోటు) ఉంటే ఆ చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కి ప్రార్థన చేయొద్దని ముందే చెప్పండి. తల మీద చెయ్యి పెట్టమనండి.

నాలుగు గంటలు పడుకునే ఉంటారు, సూదులున్న చెయ్యి కదపకూడదు, పెద్ద బైబిలు ఒంటి చేత్తో పట్టుకోలేరు. తెలుగు ఆడియో బైబిలు ఫోన్లో వేసి ఇయర్‌ఫోన్ ఒక చెవికే పెట్టండి, రెండో చెవికి నర్సు మాట, మిషన్ అలారం వినపడాలి. మొదటి గంటలో వినిపిస్తే మంచిది, చివరి గంటలో బీపీ తగ్గి, కాళ్లు పట్టేసి, చాలామంది వినే స్థితిలో ఉండరు.

గడప_దీపం:

చాలా వందనాలండి. 21 రోజుల సంగతి ఇప్పుడే అర్థమైంది. ఇంకొక్కటి: ఆయన ఈ మధ్య ప్రార్థన వద్దు, ఎవర్నీ ఇంటికి రానివ్వద్దు అంటున్నారు. వచ్చేవాళ్లని ఆపలేను, ఆయన్ని నొప్పించలేను. ఏం చేయాలి?

బెరయ_పాఠకుడు:

ఆయన ప్రార్థించకపోతే మీరంతా ఆయన తరఫున ప్రార్థించండి, అందుకోసం ఆయన్ని బలవంతపెట్టక్కర్లేదు. మార్కు 2లో పక్షవాతం మనిషి ఒక్క మాట మాట్లాడినట్టు లేదు. నలుగురు మోసుకొచ్చారు, యేసు "వారి విశ్వాసము" చూశాడని ఉంది.

మీ కాపరితో మాట్లాడి నలుగురైదుగురు పేర్లే రాయించండి, మిగతావాళ్లు ఇంటి నుంచే ప్రార్థించేలా. వచ్చేవాళ్లు డయాలసిస్ లేని రోజున రావాలి, ఇరవై నిమిషాలు దాటకూడదు, వ్యాధి గురించి కారణాలు వెతకకూడదు. యోబు స్నేహితులు మొదటి ఏడు రోజులు నేల మీద ఊరికే కూర్చున్నారు. నోరు తెరిచాకే చెడగొట్టారు.

మిషన్_పక్కన_నర్సు:

పళ్లు తేవద్దని కూడా చెప్పించండి, వచ్చిన ప్రతివాళ్లూ అరటిపళ్లు, కొబ్బరిబొండాలు తెస్తారు. చేయాలనిపిస్తే ఆస్పత్రికి ఆటో ఖర్చు పంచుకోమనండి, లేదా ఒక రోజు ఆయన పక్కన కూర్చుని మిమ్మల్ని నిద్రపోనివ్వమనండి.

"ఎవర్నీ రానివ్వద్దు" అనడం ఒక్కోసారి నీరసం, ఒక్కోసారి డిప్రెషన్. డయాలసిస్‌లో ఉన్నవాళ్లలో అది చాలామందికి వస్తుంది. రెండు వారాలు దాటి నిద్ర, తిండి తగ్గి, ఇష్టమైనవాటి మీద కూడా ఆసక్తి లేకపోతే కిడ్నీ డాక్టర్‌కే చెప్పండి, కిడ్నీలకు సరిపోయే మోతాదులో మందు ఆయన చూస్తారు. బతకాలని లేదన్నా, డయాలసిస్ మానేస్తానన్నా ఆ రోజే చెప్పాలి, ఆయన్ని ఒంటరిగా వదలకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఇది విశ్వాసం లేకపోవడం కాదు. ఏలీయా ప్రవక్త చచ్చిపోతానని చెట్టు కింద పడుకుంటే దూత మందలించలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చి, పడుకోనిచ్చి, మళ్లీ లేపి మళ్లీ తినమన్నాడు (1 రాజులు 19).

పాత_కీర్తనల_పుస్తకం:

ఆయన వద్దన్నన్నాళ్లు ఆయన మంచం దగ్గర పైకి చదవకండి సిస్టర్. వంటింట్లో మీ 13వ కీర్తన మీరు చదువుకోండి. ఆయనంతట ఆయన అడిగిన రోజున 121తో మొదలుపెట్టండి, ఎనిమిది వచనాలే. 91 మాత్రం ముందు పెట్టొద్దు. ఏ తెగులూ నీ గుడారం సమీపించదన్న మాట, మంచం మీదున్న మనిషికి ఎత్తిపొడుపులా తగలొచ్చు.