ట్వీడ్ నదిలో సాల్మన్ చేప ఫ్లై (ఈకలతో కట్టిన ఉత్తుత్తి ఎర) ముట్టట్లేదు, లైన్ మార్చాలా ఫ్లై మార్చాలా?

స్కాట్లాండ్‌లో ట్వీడ్ నది మీద కెల్సో దగ్గర సాల్మన్‌కి ట్రై చేస్తున్నా, ఇంతవరకు ఒక్కటీ పడలేదు, నవంబర్ 30తో సీజన్ అయిపోతుంది. 15 అడుగుల డబుల్ హ్యాండెడ్ రాడ్, 10 వెయిట్ (లైన్ బరువు నంబర్) ఫ్లోటింగ్ లైన్, చివర ఇంటర్మీడియట్ టిప్ (నెమ్మదిగా మునిగే కొస). నీళ్లు 7 డిగ్రీలు, వానకి రెండడుగులు పెరిగి టీ రంగులో ఉన్నాయి, చేపలు కళ్ల ముందే ఎగురుతున్నాయి. 8 సైజు క్యాస్కేడ్, అల్లీస్ ష్రింప్ అనే ఫ్లైలు రెండూ వేశా, మెండ్ చేసి (నీళ్ల మీద లైన్‌ని ఎత్తి పక్కకి వేసి) ఫ్లై ప్రవాహానికి అడ్డంగా తిరిగే స్వింగ్ స్లో చేసినా అంతే. నదిలోకొచ్చాక సాల్మన్ మేత తినదు కదా, అందుకే ఫ్లై దాని మొహం ముందు నుంచే నెమ్మదిగా పోవాలి, నాది మరీ పైపైన పోతోందని డౌట్. ఇంత చల్లటి నీళ్లలో ముందు ఏది మార్చాలి, ఫాస్ట్ సింకింగ్ టిప్ వేయాలా లేక ఒకటిన్నర అంగుళం ఇత్తడి ట్యూబ్ మీద కట్టిన బరువైన విల్లీ గన్ ఫ్లై కట్టాలా?