జిప్సీ స్టీరింగ్ పని ఇంట్లో చేసుకోవచ్చా, చేసుకోకూడదా?

గోదావరి_జిప్సీ
నాది 2004 మారుతి జిప్సీ, 1.3 ఇంజన్. ఉండేది రాజమండ్రి. నెలకోసారి మారేడుమిల్లి వైపు వెళ్తాం, వాగులూ రాళ్లూ అన్నీ తొక్కిస్తాను. ఇప్పుడు స్టీరింగ్ నాలుగు వేళ్ల మేర ఊరికే తిరుగుతోంది. అరవై మీద గుంతలో పడితే ముందు చక్రాలు రెండూ టపటపా కొట్టుకుంటున్నాయి, ఇరవైకి దిగేదాకా ఆగవు. టై రాడ్ (ముందు చక్రాలు రెండింటినీ కలిపే కడ్డీ) ఎండ్లు రెండు, డ్రాగ్ లింక్ (స్టీరింగ్ బాక్స్ నుంచి చక్రాల వైపు వెళ్లే కడ్డీ) ఎండ్లు రెండు కొన్నాను, అంటే ఆ కడ్డీల చివర్లో ఉండే జాయింట్లు. ఆదివారం ఇంటి ముందే నేనే వేసుకుందామనుకుంటున్నా. మా బావగారు అడ్డం పడుతున్నారు. "ఇంజన్ పాడైతే బండి ఆగుతుంది, స్టీరింగ్ ఊడితే బండి ఆగదు" అంటున్నారు. మీరేమంటారు?

ఘాట్_డ్రైవర్
మీ బావగారి మాట వినండి. ఆయిల్ మార్చుకోండి, ప్లగ్గులు మార్చుకోండి, ఎవరూ వద్దనరు. స్టీరింగ్, బ్రేకులు మాత్రం చేయి తిరిగినవాళ్లకే వదిలేయాలి. నాతో తిరిగే కుర్రాడొకడు ఇంట్లో టై రాడ్ ఎండ్ మార్చి, నట్టు ఊడకుండా పెట్టే స్ప్లిట్ పిన్ దొరక్క మేకు వంచి పెట్టాడు. అరకు ఘాట్‌లో టీకి ఆగినప్పుడు కింద చూస్తే మేకు లేదు, నట్టు సగం పైకి వచ్చేసి ఉంది. ఆ రోజు అక్కడ టీ తాగాలనిపించింది కాబట్టి సరిపోయింది.

పానా_పట్టినోడు
అన్నా, అది మేకు తప్పు, ఇంటి తప్పు కాదు. నేను డబ్బులిచ్చి చేయించిన ఒక గ్యారేజీలో అసలు పిన్నే వేయలేదు. ఇంటికొచ్చి బండి కింద దూరి చూస్తే తెలిసింది. అప్పటినుంచి నా బండి కింద నేనే పడుకుంటున్నా.

గోదావరి గారూ, ఇది కష్టమైన పని కాదు, ఓపిక పని. నేను ఎలా చేస్తానో చెప్తా.

బండిని జాకీ మీద వదిలేసి కింద దూరకండి. స్టాండ్లు కావాలి. సిమెంటు ఇటుకలు పేర్చడం మన దగ్గర అందరూ చేసేదే, కానీ అవి ముందు చెప్పి పగలవు. పాతది విప్పకముందే రెండు ఎండ్ల మధ్యలకి ఎంత దూరం ఉందో టేపుతో కొలిచి రాసుకోండి. చుట్లు లెక్కపెట్టి బిగించమంటారు కొందరు. కొత్త ఎండ్ మర పొడవు వేరుగా ఉంటే ఆ లెక్క తప్పుతుంది, కొలతే నయం.

ఇక ఊడదీయడం. సుత్తితో మర మీద కొట్టకండి. ఎండ్ కూర్చున్న కన్ను ఉంటుంది కదా, దానికి ఒక పక్కన బరువైన సుత్తి ఆనించి రెండో పక్కన ఇంకో సుత్తితో గట్టిగా రెండు దెబ్బలు వేయండి. కోసుగా బిగుసుకున్నది టక్కుమని వదులుతుంది. ఆ శబ్దం ఒకసారి విన్నాక ఇంక మర్చిపోరు. జాయింట్ ఊడదీసే రెండు కొమ్ముల ఫోర్క్ దూర్చి కొడితే రబ్బరు బూటు చిరుగుతుంది, పారేసే ఎండ్‌కైతే ఫర్లేదు. ఒక పక్క మర ఎడమ చేతి మర, అక్కడ మామూలుగా విప్పబోతే ఇంకా బిగుస్తుంది. నా మొదటి ఆదివారం మధ్యాహ్నమంతా దీనికే పోయింది.

బిగించేటప్పుడు మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కి (ఎంత బలంతో బిగించాలన్న అంకె) బిగించాక పిన్ను కన్నం కలవకపోతే నట్టు ఇంకాస్త బిగించి కలపాలి. వెనక్కి వదిలి కలపకూడదు. పాత పిన్ను మళ్లీ వాడకూడదు.

ఘాట్_డ్రైవర్
ఇంత చెప్పావు, వినడానికి బాగుంది. మరి టార్క్ రెంచ్ ఎంతమంది ఇళ్లలో ఉంది తమ్ముడూ?

పానా_పట్టినోడు
ఎన్ని గ్యారేజీల్లో ఉంది అన్నా?

సున్నా_ప్లే
మీరిద్దరూ కాసేపు ఆగండి. మాది మెకానిక్ ఇల్లు, ఈ గొడవ చిన్నప్పటినుంచి వింటున్నా. గోదావరి గారిని ఒకటి అడుగుతాను. ఆ నాలుగు ఎండ్లు అరిగాయని ఎవరు చెప్పారు?

ఇంట్లో చేసేవాళ్లు తప్పటడుగు వేసేది ఇక్కడే. చేతిలో పానా ఉంది, చేతికి అందే భాగం ఎండ్, కాబట్టి ఎండ్ మార్చేస్తారు. వాళ్లనే అనడం దేనికి, సగం మంది మెకానిక్కులూ అంతే. ముందు చూడండి. బండి నేల మీదే ఉండాలి. ఒకరు లోపల కూర్చుని స్టీరింగ్‌ని కొద్దిగా అటూ ఇటూ ఆడించాలి. మీరు కింద ఒక్కో జాయింట్ మీద చేయి వేసి ఉంచండి. కంటికి కనపడని ప్లే, అంటే జాయింట్‌లో వదులు, వేలికి తెలుస్తుంది. స్టీరింగ్ తిరుగుతున్నా స్టీరింగ్ బాక్స్ కింద డ్రాగ్ లింక్‌ని తోసే పిట్‌మన్ ఆర్మ్ కదలకపోతే తేడా బాక్స్‌లోనో, పైన షాఫ్ట్ జాయింట్‌లోనో ఉంది. నాలుగు ఎండ్లూ మార్చినా లాభం ఉండదు.

తర్వాత ముందు చక్రం పైకి లేపి, గడియారంలో 12, 6 ఉండేచోట పట్టుకుని ఊపండి. ఊగుతోందా? లోపలి మనిషిని బ్రేకు తొక్కమనండి. తొక్కగానే ఊగడం ఆగిపోతే వీల్ బేరింగ్. తొక్కినా ఊగుతుంటే కింగ్ పిన్, అంటే చక్రం పక్కలకి తిరిగేందుకు ఇరుసులా ఉండే పిన్ను. మీరు చెప్పిన చక్రాల కొట్టుకోవడం, అరవైలో మొదలై ఇరవైకి గానీ ఆగనిది, నాకు కింగ్ పిన్ బేరింగ్ లాగే ఉంది. వాగుల్లో తిప్పే బండి అంటున్నారు కదా, నాకిల్‌లోకి (ఆ పిన్ను మీద చక్రంతో పాటు తిరిగే భాగం) నీళ్లు దూరితే గ్రీజు మజ్జిగలా తెల్లగా అవుతుంది. బేరింగ్ కప్పు మీద రోలర్ల గుర్తులు గీతలుగా పడతాయి. తిప్పితే ఒక్కో గీతలో టిక్కు టిక్కుమని కూర్చుంటుంది.

బురద_బాబాయ్
ఇంత దేనికి? స్టీరింగ్ డ్యాంపర్ (స్టీరింగ్ కుదుపు అణిచే షాక్ అబ్జార్బర్ లాంటిది) కొత్తది వేయండి, కొట్టుకోవడం ఆగుతుంది. నాకు ఆగింది.

సున్నా_ప్లే
ఆగింది బాబాయ్, జ్వరానికి మాత్ర వేస్తే ఆగినట్టు. అరిగింది అరుగుతూనే ఉంటుంది, మీకు తెలియదు అంతే. బాక్స్ మీద స్క్రూ బిగించి ప్లే తీసేసే బ్యాచ్ కూడా ఇంతే. ఎక్కువ బిగిస్తే చక్రాలు నిటారుగా ఉన్నచోట స్టీరింగ్ పట్టేస్తుంది, మలుపు తర్వాత దానంతటది వెనక్కి రాదు.

ఘాట్_డ్రైవర్
సరే, అన్నీ ఇంట్లోనే చేశారు. అలైన్‌మెంట్? దానికైనా షాపుకి వెళ్లాలిగా?

పానా_పట్టినోడు
జిప్సీకి ముందు కూడా రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి యాక్సిల్, ఆకు స్ప్రింగులు. క్యాంబర్, క్యాస్టర్ అనే వాలు కోణాలు తిప్పుకునే స్క్రూలే లేవు. మిషన్ మీద ఎక్కించినా వాళ్లు సరిచేయగలిగేది టో ఒక్కటే, అంటే ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే తేడా. అది సుద్దముక్క, టేపుతో అయిపోతుంది. ముందు టైర్లు రెండింటికీ వెనక వైపు, హబ్ ఎత్తులో నడి గాడి మీద గుర్తు పెట్టి దూరం కొలవాలి. ఆ గుర్తులే ముందుకి వచ్చేలా బండిని అరచుట్టు తోసి మళ్లీ కొలవాలి. ముందు కొలత 2 నుంచి 6 మిల్లీమీటర్లు తక్కువ ఉండాలి. అదే కొత్త స్కార్పియో, థార్ అయితే నేనూ మిషన్ దగ్గరికే వెళ్తా.

ఘాట్_డ్రైవర్
టో విషయం ఒప్పుకుంటా. కింగ్ పిన్ మాత్రం ఒప్పుకోను. అందులో షిమ్ములు, అంటే పలచని రేకు ముక్కలు, ఉంటాయి, బిగుతు చూసి వేయాలి. చేతి అంచనాతో వేస్తే వదులైతే మళ్లీ కొట్టుకుంటుంది, ఎక్కువైతే బేరింగ్ పోతుంది.

సెక్షన్_52
చట్టం సంగతి కూడా ఒక మాట. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డుపడేది బండిని కంపెనీ చేసిన తీరు నుంచి మార్చేస్తే. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అరిగిన ఎండ్ తీసి అలాంటిదే వేస్తే అది రిపేరు. పెద్ద టైర్లు, బండి ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్ వేరే కథ. మీ బండికి పదిహేనేళ్లు దాటాయి కాబట్టి ఆర్సీ రెన్యువల్‌కి ఎలాగూ తనిఖీకి వెళ్లాలి, ఈ ప్లేతో వెళ్లకండి.

గోదావరి_జిప్సీ
అందరికీ థాంక్స్. ఆదివారం సున్నా_ప్లే గారు చెప్పినట్టు చూశాను. లోపల స్టీరింగ్ ఆడించింది మా బావగారే. "నేను చేయనివ్వను, చూడనిస్తాను" అని కూర్చున్నారు. డ్రాగ్ లింక్‌కి బాక్స్ వైపు ఎండ్ ఒక్కటే పోయింది, మిగతా మూడూ బాగున్నాయి. మూడు ఎండ్ల డబ్బులు దండగ. కుడి చక్రం బ్రేకు తొక్కినా ఊగుతోంది. కింద మూత విప్పితే గ్రీజు నిజంగానే మజ్జిగ రంగులో ఉంది.

ఎండ్ నేనే మార్చాను, పిన్ను కొత్తది, మేకు కాదు. బండి ఇంకా స్టాండ్ల మీదే ఉంది. కింగ్ పిన్ బేరింగులు విజయవాడ ఆటోనగర్ నుంచి తెప్పిస్తున్నా. ఘాట్_డ్రైవర్ గారూ, ఆ బిగుతు అంచనాతో కాకుండా చూడటం ఎలా?

సున్నా_ప్లే
ఆయిల్ సీల్ వేయకముందు, టై రాడ్ ఎండ్ కూర్చునే కన్నానికి స్ప్రింగ్ త్రాసు తగిలించి లాగాలి. నాకిల్ కదలడం మొదలయ్యేటప్పుడు ఎంత చూపిస్తుందో మాన్యువల్ అంకెతో పోల్చండి. వదులుగా ఉంటే ఒక షిమ్ము తీయాలి, బిగుతుగా ఉంటే ఒకటి వేయాలి. చేపల మార్కెట్లో వాడే యాభై కిలోల త్రాసు పనికిరాదు, చిన్నది కావాలి.

ఘాట్_డ్రైవర్
ఐదు కిలోలది నా దగ్గర ఉంది. నేనుండేది కాకినాడ, శనివారం రాజమండ్రి వస్తున్నా, తెస్తాను. లాగేటప్పుడు నేనూ ఉంటా. త్రాసు మాత్రం తిరిగివ్వాలి.