ముందు ఇంట్లోవాళ్ళా, బయటివాళ్ళా? మిసిసిపీ వెళ్ళిన యూదు కుర్రాళ్ళ గురించి, మా సహోద్యోగి కూతురి గురించి

గోదారిగట్టు (న్యూజెర్సీ)
అందరికీ నమస్కారం. మా ఆఫీసులో పన్నెండేళ్ళుగా నాతో పనిచేస్తున్న ఒక యూదు ఆవిడ ఉంది. వాళ్ళమ్మాయి చదువయ్యాక వచ్చిన ఉద్యోగం వదులుకుని ఏడాదిపాటు సేవలో చేరింది. తనలాంటి యూదు పిల్లలు ఎనిమిది మంది ఒకే ఇంట్లో ఉంటారు. అద్దె కట్టలేక ఇల్లు పోయే పరిస్థితిలో ఉన్నవాళ్ళకి కోర్టు కాగితాలు రాసిపెడతారు, శరణార్థుల వెంట ఆఫీసులకి తిరుగుతారు. ఇక్కడ ఇది కొత్తేమీ కాదు. అవోదా అనే సంస్థ 1998 నుంచి ఇలాగే నడుపుతోంది.

అమ్మమ్మకి మాత్రం ఇష్టం లేదు. "మనవాళ్ళని చూసుకోవడానికే మనం చాలం, లోకం సంగతి నీకెందుకు" అంటుందట.

ఒక శుక్రవారం నేను వాళ్ళింటికి భోజనానికి వెళ్ళాను. శనివారం వాళ్ళకి విశ్రాంతి రోజు, అది మొదలయ్యే శుక్రవారం పొద్దుగూకే వేళ ఇంట్లో దీపాలు వెలిగిస్తారు. దానికి ముందు అలమారలోంచి రేకు డబ్బా తీసి తలా ఒక నాణెం వేశారు. అమ్మమ్మ చెయ్యి వణుకుతుంటే మనవరాలే పట్టుకుని వేయించింది. అలా ఇవ్వడాన్ని త్సెదకా అంటారు. మనం దానం అనుకుంటాం గానీ ఆ మాటకి మూలం న్యాయం. ఇచ్చేది దయతో కాదు, బాకీ తీర్చడమని వాళ్ళ లెక్క. డబ్బా ఇద్దరిదీ ఒకటే కదా, మరి పేచీ ఎందుకు? మీరేమంటారు?

పాతకాపు (తెనాలి)
అమ్మమ్మ చెప్పిందే సరైన మాట. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. 1964లో నల్లవాళ్ళ ఓటు హక్కు కోసమని న్యూయార్క్ నుంచి మిసిసిపీ వెళ్ళి ఇద్దరు యూదు కుర్రాళ్ళు ప్రాణాలు పోగొట్టుకున్నారు. కన్నవాళ్ళకి మిగిలిందేమిటి? ఫొటో, దానికో దండ. సేవ చెయ్యొద్దనడం లేదు. వరస ఒకటుంటుంది అంటున్నాను. ముందు తల్లిదండ్రులు, తర్వాత కులం, ఊరు, ఆ తర్వాత లోకం.

నల్లరేగడి (గుంటూరు జిల్లా)
ఇద్దరు కాదు, ముగ్గురు. జేమ్స్ ఛేనీ, 21 ఏళ్ళు, మెరిడియన్ ఊరివాడు, నల్లవాడు. మిగతా ఇద్దరు మైకేల్ ష్వెర్నర్, ఆండ్రూ గుడ్‌మన్. జూన్ 21 రాత్రి ముగ్గురినీ కలిపే చంపి మట్టికట్ట కింద పూడ్చారు. ఆగస్టు 4న దొరికారు.

పాతకాపు
యూదుల గురించి థ్రెడ్ కాబట్టి యూదుల సంగతి రాశాను. అందులో తప్పేముంది?

నల్లరేగడి
తప్పు ఉంది సార్. లెక్క ఎప్పుడూ అలాగే జారిపోతుంది. ష్వెర్నర్ భార్య రీటా అప్పుడే పైకి చెప్పింది, పోయింది ఛేనీ ఒక్కడే అయితే దేశం ఇంతగా కదిలేది కాదని. వాళ్ళకోసం నదుల్లో వెతుకుతుంటే వేరే నల్ల కుర్రాళ్ళ శవాలు దొరికాయి. వాళ్ళ పేర్లు ఇక్కడ ఎంతమందికి తెలుసు? గుడ్‌మన్ మిసిసిపీకి వచ్చి ఒక్క రోజు. ఛేనీ పుట్టిందే అక్కడ. నా బాధ అది.

చరిత్రమేష్టారు
ఒక్క రోజన్నది గుడ్‌మన్ విషయంలో నిజమే, జూన్ 20నే చేరాడు. ష్వెర్నర్ దంపతులు మాత్రం జనవరి నుంచీ మెరిడియన్‌లోనే ఉండి పనిచేశారు. అందరినీ ఒకే గాటన కట్టొద్దు.

ఆ నెల ఒకసారి గుర్తు చేసుకోండి. 1964 జూన్ 12న దక్షిణాఫ్రికాలో, అక్కడి జాతివివక్ష ప్రభుత్వం పెట్టిన రివోనియా కేసులో మండేలాతోపాటు డెనిస్ గోల్డ్‌బర్గ్‌కి యావజ్జీవం పడింది. 31 ఏళ్ళ యూదు ఇంజనీరు. తెల్లవాడు కాబట్టి మిగతావాళ్ళతో రాబెన్ దీవి జైలుకి పంపలేదు, ప్రిటోరియా జైల్లో 22 ఏళ్ళు ఉంచారు. జూన్ 18న ఫ్లోరిడాలో సెయింట్ అగస్టీన్‌లో వర్ణవివక్ష మీద నిరసనకి వెళ్ళిన 16 మంది రబ్బీలని, అంటే యూదు మతగురువుల్ని, అరెస్టు చేశారు. జూన్ 21న మిసిసిపీ. అన్నీ పది రోజుల్లోనే.

వెన్నెల
మేష్టారూ, టిక్కూన్ ఓలాం అంటే లోకాన్ని బాగుచెయ్యడం అని వాళ్ళ మతంలోనే ఉందిగా. ఇక చర్చ ఎందుకు?

చరిత్రమేష్టారు
అమ్మా, అది అంత సూటిగా లేదు. మిష్నా అనే వాళ్ళ పాత ధర్మశాస్త్ర గ్రంథంలో ఆ మాట విడాకుల పత్రాల వంటి చట్టపు సర్దుబాట్ల దగ్గర వస్తుంది. అలేను ప్రార్థనలో దేవుడి రాజ్యం గురించి వస్తుంది. సామాజిక న్యాయం అనే అర్థం జనంలో బాగా పాతుకున్నది గత శతాబ్దం రెండో సగంలో, అదీ అమెరికాలో. పాత మాటకి కొత్త అర్థం ఇచ్చి, అది మొదటినుంచీ ఉన్నదే అనడం సరికాదు.

వెన్నెల
కొత్త అర్థమైతే మాత్రం ఏం పోయింది మేష్టారూ, పని మంచిదైనప్పుడు?

చరిత్రమేష్టారు
పని మంచిదే. మాట వేరు, పని వేరు. వార్సాలో పుట్టిన హెషెల్ అనే రబ్బీ తల్లినీ అక్కచెల్లెళ్ళనీ నాజీల చేతిలో పోగొట్టుకున్నాడు. 1965 మార్చిలో సెల్మాలో నల్లవాళ్ళ ఓటు హక్కు ఊరేగింపులో మార్టిన్ లూథర్ కింగ్‌తో కలిసి ముందు వరసలో నడిచి, నా కాళ్ళు ప్రార్థన చేస్తున్నట్టు అనిపించింది అన్నాడు. ఆయన నడకకి డిక్షనరీ అక్కర్లేదు. ఆ మాట చరిత్ర గురించే నా అభ్యంతరం.

పాతకాపు
నేను అడిగినదానికి ఎవరూ జవాబు చెప్పలేదు. నా సంగతి చెప్తాను. మా అబ్బాయి ఇంజనీరింగ్ మూడో ఏడాదిలో ఇలాంటి స్నేహాల్లో పడ్డాడు. వరద బాధితులట, బస్తీ పిల్లలట. నాకు గుండె ఆపరేషన్ అయిన రోజు వాడు ఎక్కడో సర్వేలో ఉన్నాడు. ఆస్పత్రిలో సంతకం పెట్టింది మా బావమరిది. ఊరందరికీ కొడుకైనవాడు నాకు కాలేదు. ఆ అమ్మమ్మ బాధ నాకు తెలుసు కాబట్టే చెప్తున్నాను.

సిరిమువ్వ
అయ్యో. ఇప్పుడు ఆరోగ్యం ఎలా ఉంది బాబాయ్ గారూ?

నల్లరేగడి
సార్, మీకు అలా జరగాల్సింది కాదు. కానీ నేను అవతలి గట్టున ఉన్నవాణ్ణి. మా పల్లెకి ఒక సంస్థ తరఫున పట్నం పిల్లలు వచ్చి రెండు నెలలు ఉన్నారు. మా అమ్మ చేతి పచ్చిపులుసు తిన్నారు, మా గుడిసె ముందు ఫొటోలు దిగారు, మా గొడవలన్నీ నోట్సు రాసుకున్నారు. తర్వాత చెరువు దగ్గర మావాళ్ళని కొట్టిన కేసు కోర్టుకొచ్చింది. ఆ రోజు కళ్ళారా చూసినవాళ్ళు ఇద్దరు వాళ్ళలో ఉన్నారు. సాక్ష్యానికి ఒక్కరూ రాలేదు. పరీక్షలన్నారు. అందుకే ఛేనీ పేరు దగ్గర ఆగిపోయాను. వచ్చినవాడు వెళ్ళిపోగలడు, మేం పోలేం.

ఇంకో సంగతి. యూదులు అనగానే అందరూ న్యూయార్క్ అంటున్నారు. మా జిల్లాలోనే, చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ కుటుంబాలున్నాయి. మాదిగ కులం నుంచి వచ్చినవాళ్ళు, యూదు మతం పాటిస్తారు. సినగాగ్ అనే ప్రార్థనా మందిరం ఉంది, శనివారం ప్రార్థన ఉంది, ఎక్కువమందికి కూలి పనే బతుకు. అక్కడ యూదుడూ దళితుడూ ఒకే మనిషి. సాయం చేసేవాడు యూదుడు, పుచ్చుకునేవాడు వేరొకడు అనే గీత అక్కడ నిలబడదు.

గోదారిగట్టు
ఇది నాకు తెలియదు నల్లరేగడి గారూ. ధన్యవాదాలు.

ష్వెర్నర్ గురించి ఒకటి. కొడుకుని ఛేనీ పక్కనే పూడ్చాలని తల్లిదండ్రులు అనుకున్నారు. మిసిసిపీలో శ్మశానాలు వేరు కాబట్టి కుదరలేదు. పాతకాపు గారూ, వరస అన్నారు కదా. ఆ తల్లిదండ్రుల వరసలో ఛేనీ ఎక్కడున్నట్టు?

నల్లరేగడి
మా ఊళ్ళో ఇప్పటికీ శ్మశానాలు రెండు.

పాతకాపు
అమ్మా, శవాల మీద ప్రశ్నలు వేసి నన్ను దోషిని చెయ్యకండి. దూరం వెళ్ళి సేవ చేస్తే నాకేం కోపం లేదు. ఈ పిల్లలు అక్కడితో ఆగరు. తిరిగొచ్చి సొంతవాళ్ళనే వేలెత్తి చూపిస్తారు! అసలు విషం అక్కడుంది. మీ సహోద్యోగి కూతురు కూడా అలాంటిదే అయ్యుంటుంది, మీరు దాస్తున్నారు.

వెన్నెల
విషం అనే మాట వెనక్కి తీసుకోండి సార్.

నిర్వాహకుడు
దయచేసి వ్యక్తుల మీదకి వెళ్ళొద్దు. ఇంకోసారైతే థ్రెడ్ మూసేస్తాను.

గోదారిగట్టు
మూయకండి, ఆయన అడిగింది నిజమే. దాచాలని కాదు, అది వాళ్ళింటి గుట్టని మొదట రాయలేదు.

2023 అక్టోబరు 7న హమాస్ దాడిలో ఇజ్రాయెల్‌లో దాదాపు 1200 మంది చనిపోయారు. అమ్మమ్మ తమ్ముడి కుటుంబం అక్కడే ఉంది. రెండు రోజులు వాళ్ళ ఫోన్ కలవక ఆవిడ అన్నం ముట్టలేదు. ఆ తర్వాత గాజా మీద బాంబులు, అక్కడ వేలమంది చావులు. అక్టోబరు 27, శుక్రవారం. న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్ స్టేషన్లో యుద్ధం ఆపమని యూదు యువతీయువకులు కూర్చున్నారు, వందలమందిని అరెస్టు చేశారు. ఈ పిల్ల వాళ్ళలో ఉంది. ఇంట్లో దీపాలు వెలిగించే వేళకి ఆమె కుర్చీ ఖాళీ. అమ్మమ్మ టీవీలో చూసింది.

"నల్లవాళ్ళ కోసం వెళ్ళావు, సరే అన్నాను. శరణార్థుల కోసం వెళ్ళావు, డబ్బులిచ్చాను. మనవాళ్ళ శవాలు ఇంకా లేవకముందే మనమీదకే వచ్చావా" అందట. "మన పేరుమీద జరుగుతోంది కాబట్టే వచ్చాను, లేకపోతే ఆ డబ్బాలో నాణెం ఎందుకు వేయించావు" అందట మనవరాలు. సేవ గొడవ దాని తర్వాత వచ్చింది. నాకు ఇద్దరి ఏడుపూ నిజమే అనిపిస్తుంది. అయినా అడిగారు కాబట్టి చెప్తున్నాను, నేను ఆ పిల్ల పక్షం. దూరాన ఉన్నవాళ్ళ కోసం చేసినంతకాలం ఎవరూ ఏమీ అనరు. సొంతవాళ్ళని అడిగినప్పుడే దాని ఖరీదు తెలుస్తుంది.

చరిత్రమేష్టారు
రివోనియా కేసులో ప్రాసిక్యూటర్ పెర్సీ యూటర్ కూడా యూదుడే. గోల్డ్‌బర్గ్‌ని జైలుకి పంపడానికి వాదించింది ఆయనే. అక్కడి యూదు సంఘం పెద్దలు రాజకీయం మాకొద్దని చాలా ఏళ్ళు దూరంగా ఉన్నారు. వాళ్ళకీ పిల్లల గురించి భయమే. ఈ గొడవ యూదుల ఇళ్ళలో ఎప్పటినుంచో ఉంది.

నల్లరేగడి
పాతకాపు గారూ, కోపం లేకుండానే అడుగుతున్నాను. మీ అబ్బాయి మిమ్మల్ని ఏమడిగాడు?

సిరిమువ్వ
ఆయన జవాబు చెప్పకపోయినా పర్లేదు.

పాతకాపు
రెండు రోజులు ఆలోచించి రాస్తున్నాను. ఆపరేషన్ సంగతి నిజమే, కానీ గొడవ అంతకుముందు జరిగింది. మా పొలంలో పాతికేళ్ళు పనిచేసినవాడికి పెరట్లో వేరే గ్లాసు ఉండేది, సత్తు గ్లాసు. కాలేజీ మీటింగులో మైకు ముందు మావాడు ఆ గ్లాసు గురించి చెప్పాడు. ఇంటిపేరుతో సహా. మా చుట్టాలు నలుగురు విన్నారు. పెళ్ళిళ్ళలో నన్ను అడిగారు. ఇంట్లో అడిగి ఉంటే తీసేసేవాణ్ణేమో. నలుగురిలో అడిగాడు.

నల్లరేగడి
ఇంట్లో ఎప్పుడూ అడగలేదా సార్?

పాతకాపు
అడిగాడు. చిన్నప్పుడు రెండు మూడుసార్లు. వాళ్ళమ్మ కసిరింది.

గోదారిగట్టు
ఇప్పుడు మాట్లాడుతున్నాడా?

పాతకాపు
పండగలకి ఫోన్ చేస్తాడు. వాళ్ళమ్మకి.