ఇంటి రికార్డింగులో చిటపటలు, మధ్యలో తెగిపోయే నాదం: బఫర్ పెంచినా పోవడం లేదు

ప్రశ్న (వీణ ఉపాధ్యాయిని, విశాఖపట్నం)

అందరికీ నమస్కారం. విదేశాల్లో ఉన్న శిష్యుల కోసం కృతులను ఇంట్లోనే విండోస్ ల్యాప్‌టాప్‌లో, రీపర్ సాఫ్ట్‌వేర్‌తో రికార్డు చేసి పంపుతుంటాను. ఒక కండెన్సర్ మైకు, రెండు ఇన్‌పుట్లున్న యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్ (మైకును కంప్యూటరుకు కలిపే పెట్టె), హెడ్‌ఫోన్స్, ఇదే నా సరంజామా. రెండు నెలలుగా, మీటు వేశాక నాదం సన్నగిల్లే చోట పోపులో ఆవాలు చిటపటలాడినట్టు శబ్దం వస్తోంది. ఒక్కోసారి గమకం మధ్యలో నాదం పుటుక్కున తెగి మళ్లీ అందుకుంటోంది. శాంపిల్ రేటు 48,000 హెర్ట్జ్, అంటే సెకను శబ్దానికి 48,000 శాంపిళ్లు (కొలతలు). బఫర్ సైజును, అంటే కంప్యూటరు ఒక్కో విడతలో అందించే శాంపిళ్ల సంఖ్యను, 128 నుంచి 1,024కు పెంచితే తెగడం కొంత తగ్గింది గాని, తీగ మీటిన తరువాత ఆ నాదం చెవికి చేరేలోగా ఎంత ఆలస్యం అవుతోందంటే తాళం నిలవడం లేదు. చిటపట మాత్రం అలాగే ఉంది. టాస్క్ మేనేజరులో ప్రాసెసరు వాడకం 15 శాతం దాటడం లేదు. కొత్త ల్యాప్‌టాప్ తీసుకోమని దుకాణంలో చెప్పారు. తీసుకోక తప్పదా?

జవాబు 1 (రీపర్ వాడుకరి, హైదరాబాద్)

అప్పుడే కొనకండి మేడమ్. ఆ 15 శాతం అన్నది సగటు లెక్క, మీ ఇబ్బందికీ సగటుకూ సంబంధం లేదు. 128 శాంపిళ్లను 48,000తో భాగిస్తే సుమారు 2.7 మిల్లీసెకన్లు వస్తుంది. అంటే కంప్యూటరు ప్రతి 2.7 మిల్లీసెకన్లకు ఒక విడత శబ్దాన్ని తప్పకుండా అందించాలి, ఒక్క విడత 3 మిల్లీసెకన్లకు అందినా, మిగతా సమయమంతా అది ఖాళీగా కూర్చున్నా సరే, అక్కడ నాదంలో గండి పడుతుంది. 1,024 పెట్టినప్పుడు గడువు 21.3 మిల్లీసెకన్లకు పెరుగుతుంది. అయితే శబ్దం లోపలికి రావడానికి ఒక బఫర్, బయటికి పోవడానికి మరొకటి కావాలి కనుక ఆలస్యం 42 మిల్లీసెకన్లు దాటుతుంది. మీ తాళం తప్పుతున్నది అందుకే.

రీపర్ ఆడియో సెట్టింగుల్లో ఇంటర్‌ఫేస్ తయారీదారు ఇచ్చిన ఏసియో డ్రైవరే (శబ్దాన్ని తక్కువ ఆలస్యంతో చేరవేసేది) ఎంపికై ఉందో లేదో చూడండి. విండోస్ పవర్ ప్లాన్‌ను హై పెర్ఫార్మెన్స్‌కు మార్చి, యూఎస్‌బీ పరికరాలను మధ్యలో నిద్రపుచ్చే సెలెక్టివ్ సస్పెండ్‌ను ఆపివేయండి. ఇంటర్‌ఫేస్‌ను హబ్‌కు కాక నేరుగా ల్యాప్‌టాప్‌కే తగిలించండి. రికార్డు చేస్తున్న ట్రాకు మీద రివర్బ్ (ప్రతిధ్వని) వంటి ఎఫెక్టులు ఉంటే తీసేయండి: మిగతా ట్రాకుల ఎఫెక్టులను రీపర్ ముందుగానే లెక్కగట్టి పెట్టుకోగలదు, కాని మీరు అప్పటికప్పుడు వాయిస్తూ వింటున్న ట్రాకుకు ఆ వెసులుబాటు ఉండదు.

జవాబు 2 (సౌండ్ ఇంజినీరు, విజయవాడ)

పై సలహాలతో నాకు పేచీ లేదు గాని, అన్నిటినీ ఒకేసారి మారిస్తే ఏ మందు పనిచేసిందో చివరికి తెలియదు. పైగా ప్రశ్నను జాగ్రత్తగా చదివితే అందులో రెండు వేర్వేరు శబ్దాలున్నాయి: బఫర్ పెంచితే తగ్గినది ఒకటి, తగ్గనిది మరొకటి. తగ్గని దానికి కంప్యూటరుతో సంబంధం లేకపోవచ్చు.

మొదట రికార్డయిన ఫైలును తెరిచి, నాదం తెగిన చోట తరంగ రేఖను బాగా పెద్దది చేసి చూడండి. రేఖ ఉన్నట్టుండి నిట్టనిలువుగా గెంతినా, కొంత మేర సున్నాగా మారినా అది బఫర్ గడువు తప్పిన గుర్తు. శిఖరాలు కత్తితో కోసినట్టు చదునుగా ఉంటే ఇన్‌పుట్ గెయిన్ (మైకు సంకేతాన్ని పెంచే మోతాదు) ఎక్కువైందని అర్థం. తరువాత ఇంటర్‌ఫేస్‌లో డైరెక్ట్ మానిటర్ మీట ఉంటే దాన్ని ఆన్ చేసి, రీపర్‌లో మానిటరింగ్ (వాయిస్తున్నది కంప్యూటరు ద్వారా వినిపించడం) ఆపి, ఊరికే వాయిస్తూ వినండి. ఆ దారిలో మైకు శబ్దం కంప్యూటరులోకి వెళ్లి తిరిగి రాకుండా పెట్టెలోంచే చెవికి చేరుతుంది. అక్కడ కూడా చిటపట వినిపిస్తే ల్యాప్‌టాప్ నిర్దోషి.

తెగిపోయే దానికి మాత్రం నా మొదటి అనుమానం వైఫై మీదే. లేటెన్సీమాన్ అనే చిన్న ప్రోగ్రామును పది నిమిషాలు వైఫైతోనూ, పది నిమిషాలు వైఫై ఆపీ నడిపి చూడండి. ఏ డ్రైవరు ప్రాసెసరును ఎక్కువసేపు పట్టుకుని వదలడం లేదో అది పేరుతో సహా చూపుతుంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. చెప్పినట్టే ఒక్కొక్కటిగా చేశాను. వైఫై ఉన్నప్పుడు లేటెన్సీమాన్‌లో నెట్‌వర్కు డ్రైవరు ఎర్ర గీతలు చూపింది, వైఫై ఆపగానే అవి పోయాయి. ఇప్పుడు బఫర్ 256 పెట్టుకుని గంటసేపు వాయించినా ఒక్కసారి కూడా తెగలేదు. చిటపట మాత్రం డైరెక్ట్ మానిటర్‌లోనూ వినిపిస్తోంది. ఇంకొక సంగతి గమనించాను. ఏసీ గదిలో దాచిన మైకును తెచ్చి, సాయంత్రం సముద్రం వైపు కిటికీలున్న హాల్లో పెట్టినప్పుడే అది ఎక్కువగా ఉంటోంది.

జవాబు 3 (స్టూడియో రికార్డిస్టు, కాకినాడ)

ఆ చివరి వాక్యంలోనే జవాబు ఉందమ్మా. మీ మైకుకు చెమ్మ పట్టింది. కండెన్సర్ మైకులో పల్చని పొర, దాని వెనుక లోహపు పలక విద్యుదావేశంతో ఉంటాయి. వాటి నుంచి వచ్చే సంకేతం అతి బలహీనం, దాన్ని అందుకునే సర్క్యూట్ నిరోధం అత్యధికం. చల్లని మైకును సముద్రపు గాలిలోకి తెస్తే, చల్లని నీళ్ల గ్లాసుకు చెమట పట్టినట్టే లోపల తేమ చేరి, ఆవేశం ఉండుండి కారిపోతుంది. ఆ కారడమే చిటపట. గట్టిగా వాయించినప్పుడు నాదంలో కలిసిపోతుంది, నాదం సన్నగిల్లగానే బయటపడుతుంది. ఈ బాధ మా తీరప్రాంతం వారికి కొత్త కాదు. సెన్‌హైజర్ ఎంకేహెచ్ వరుస వంటి మైకులు రేడియో ఫ్రీక్వెన్సీ పద్ధతిలో పనిచేస్తాయి కనుక తేమను బాగా తట్టుకుంటాయి గాని, వాటి ధర మనలాంటివారి ఇళ్లకు తగినది కాదు.

నిర్ధారణకు ఎవరి దగ్గరైనా ఒక డైనమిక్ మైకు అడిగి తెచ్చి, కండెన్సర్ మైకుకు కేబులు ద్వారా అందే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ ఆపి (డైనమిక్ మైకుకు అది అక్కర్లేదు), అదే కేబులుతో, అదే చోట వాయించండి. చిటపట పోతే కేబులుకూ ఇంటర్‌ఫేస్‌కూ చాలావరకు దోషం లేనట్టే. మీ మైకును సిలికా జెల్ సంచులతో గాలి చొరబడని డబ్బాలో రెండు రోజులు ఉంచండి. ఇకపై వాయించబోయే గదిలోనే, ఆ డబ్బాలోనే గంట ముందు పెట్టి, మైకు గది వేడికి వచ్చాకే మూత తీయండి. హెయిర్ డ్రయ్యరు మాత్రం దగ్గరికి రానీయకండి, ఆ పొర వేడికి పాడవుతుంది.

ప్రశ్న అడిగినవారు

డైనమిక్ మైకుతో చిటపట లేదు. నాది డబ్బాలో పెట్టి మూడో రోజు తీశాను, నిన్న సాయంత్రం శుభ్రంగా పలికింది. పాత రికార్డింగులను బాగుచేసుకునే మార్గం ఏదైనా ఉందా?

జవాబు 2 రాసినవారు

చిటపటలను డీక్లిక్ ప్లగిన్ చాలావరకు తీసేస్తుంది. దాన్ని మరీ గట్టిగా నడిపితే మీటు పదును కూడా పోతుంది కనుక, నాదం సన్నగిల్లే చోట్లను మాత్రమే ఎంచుకుని వాడండి. గమకం మధ్యలో తెగిన చోట్ల ఆ శబ్దం ఫైలులోనే లేదు. కృతిలోని ఆ సంగతిని (ఆ స్వరాల వరుసను) మళ్లీ వాయించి, అతుకు మీటుకు సరిగ్గా ముందు పడేలా అతికించుకోండి.