“ఖోసి కె ఖోసి కా మొరాఫె”: ఈ ‘కా’కు తెలుగులో ఏ విభక్తి?

ప్రశ్న: బోట్స్‌వానా స్థానిక పాలన మీద వ్యాసం తెలుగు చేస్తుంటే ఈ సెట్స్‌వానా (అక్కడి భాష) సామెత తగిలింది. ఖోసి అంటే తెగను ఏలే పెద్ద, మొరాఫె అంటే ఆ తెగ జనం. “యథా రాజా తథా ప్రజా” అని పెట్టేయవచ్చా?

జవాబు: వద్దండి, అర్థం తిరగబడుతుంది. మనది రాజును బట్టి జనం. వాళ్లది జనాన్ని బట్టి రాజు. ‘కా’ సాధనార్థకం, “కత్తితో కోశాడు”లోని ‘తో’ లాంటిది. ఇదే సామెతను జూలూ భాషలో “ఇన్‌కోసి యిన్‌కోసి ఙ్గబంటు” అంటారు, అక్కడ ‘ఙ్గ’ చేసే పని ఇదే. ఉబుంటు భావనకు మూలంగా చెప్పే “ఉముంటు ఙ్గుముంటు ఙ్గబంటు” (మనుషుల చేతనే మనిషి మనిషి) కూడా ఇదే అచ్చు.

మరొకరు: అలాగైతే తృతీయే వాడాలి. ‘వలన’ పంచమి, అది కారణం చెప్పి ఊరుకుంటుంది. “జనం చేతనే రాజు రాజు” అనండి. గ్రాంథికం వాసన వేస్తే వేయనివ్వండి. ఖోసికి ‘దొర’ మాత్రం వద్దు, తెలంగాణలో ఆ మాట మోసే బరువు సరిగ్గా ఎదురుదిక్కుది. ‘పెద్ద’ అందామంటే “పెద్ద పెద్ద” అని నవ్వులాటగా తేలుతుంది.

జవాబు: ‘చేత’కు ఓటు. ఆ సామెతలో బెదిరింపు కూడా ఉంది మరి. పెద్ద నచ్చకపోతే ఆయన తమ్ముడి వెంట ఒక వర్గం పశువులను తోలుకుని వేరే చోటికి వెళ్లిపోయేది. బాఙ్గ్వాటో తెగ నుంచి బాటవానా తెగ చీలింది అన్నదమ్ముల తగాదాతోనే. జనం వెళ్లిపోతే ఖోసి పదవికి అర్థమే లేదు. వెళ్లకుండా ఆపేది ఖోట్లా, అంటే ఊరి సభ. ముందు సంగతి చెబుతారు, తర్వాత మగవాళ్లు ఎవరైనా మాట్లాడవచ్చు, ఖోసి అందరూ అయ్యాక చివర్లో తేలుస్తాడు. ఆయనే ముందు తేల్చేస్తే మిగతావాళ్లు తలలూపడం తప్ప చేసేదేముంది? “మ్ముఆలెబె ఒ బువా ల ఖాఖ్వె” అని ఇంకో సామెత: తప్పుగా మాట్లాడేవాడికీ తన మాట తనకుంటుంది.

మరొకరు: “మగవాళ్లు” అన్నారు చూశారా, లోపం అక్కడే. పాత ఖోట్లాలో ఆడవాళ్లకు నేరుగా మాట లేదు, కొలువు చేసే బసర్వాలకూ (శాన్ తెగల వాళ్లకూ) లేదు. మొరాఫెను ‘ప్రజలందరూ’ అని తెలుగు చేస్తే చరిత్రలోని ఆ లోపం మీద సున్నం పూసి దాచినట్టే.

ప్రశ్న: దక్షిణాఫ్రికా మున్సిపాలిటీల దగ్గరా వ్యాసం ఇదే సామెతను వాడుతోంది. పొసుగుతుందా?

జవాబు: సగమే. ప్రభుత్వ సేవల మీద అక్కడ 1997లో వచ్చిన ‘బాథో పెలె’ (జనమే ముందు) విధానం ఆ ఛాయదే. కానీ ఊరు వదిలిపోతామనే బెదిరింపు మున్సిపాలిటీలో పనిచేయదు, అందుకే దాని చోట చట్టం కావాలి. కౌన్సిలర్ కనీసం మూడు నెలలకోసారి జనానికి నివేదించాలి. తనకో జీవిత భాగస్వామికో వ్యాపార భాగస్వామికో లాభం ఉన్న అంశం వస్తే ఆ సంగతి చెప్పి, చర్చ నుంచి లేచి వెళ్లాలి. ఆ లాభం లెక్కలోకి రానంత స్వల్పమని కౌన్సిల్ తేలిస్తేనే మినహాయింపు. వార్డు కమిటీలో కౌన్సిలర్ అధ్యక్షుడు, మిగతావాళ్లు పదిమందికి మించరు.

చెడేది తేదీల దగ్గర. ఆర్థిక సంవత్సరం జూలై 1న మొదలు. బడ్జెట్ ముసాయిదాను ఆ తేదీకి కనీసం 90 రోజుల ముందు కౌన్సిల్‌లో పెట్టాలి, ఆమోదం మీద చర్చను అదే తేదీకి కనీసం 30 రోజుల ముందు చేపట్టాలి. అంటే జనం మాటకు దక్కేది ఏప్రిల్, మే. మే చివరి వారంలో సభ పెట్టి సంతకాల పట్టీ నింపితే కాగితం మీద సంప్రదింపు జరిగినట్టే, అంకె ఒక్కటీ కదలదు. ఖోసి ముందే తేల్చేసి తర్వాత ఖోట్లా పిలిచినట్టు. అందుకే వ్యాసంలో మున్సిపాలిటీల సంగతి వచ్చేచోట “జనాన్ని సంప్రదించి” అని రాయకండి, “జనం మాట విన్నాక తేల్చి” అనండి.